కోర్టు కాగితాల్లో లాటిన్: మాట ఒకటి, దాని వెనక సెక్షన్ ఒకటి

దావా డాకెట్ (ఏ వాయిదాకు ఏం జరిగిందో రాసే కాగితం) మీద ఒక్క లైను ఉంటుంది: "ప్రతివాదిని పిలిచారు, హాజరు లేదు, సెట్ ఎక్స్ పార్టే." అది చూసి కేసు పోయినట్టేనని చేతులెత్తేసేవాళ్లున్నారు. సమన్లు తీసుకోకుండా తిప్పి పంపేశాం కాబట్టి మనకేమీ అంటదని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఎందుకు తప్పో ఆ రెండు లాటిన్ మాటలు చెప్పవు, సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో ఆర్డర్ చెబుతుంది (ఆ కోడ్‌లో ఆర్డర్ అంటే ఉత్తర్వు కాదు, రూల్స్ ఉన్న అధ్యాయం).

మన కోర్టుల్లో తిరిగే లాటిన్ మాటల్లో చాలావాటి కథ ఇదే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాట పైన కనిపిస్తుంది. దాని కింద మన చట్టసభ రాసిన సెక్షన్, అందులో గడువు, మినహాయింపు ఉంటాయి. సూత్రం ఎప్పుడూ గంభీరంగా, మినహాయింపు లేకుండా వినిపిస్తుంది. సెక్షన్ మాత్రం "అయితే", "తప్ప" లేకుండా సాగదు. సూత్రాన్ని నమ్ముకుని సెక్షన్ చదవనివాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

ఎక్స్ పార్టే, స్టేటస్ కో, కేవియట్

ఎక్స్ పార్టే అంటే ఒక పక్షం మాత్రమే ఉండగా అని. అది శిక్ష కాదు, ఆ రోజు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న నమోదు మాత్రమే. సుప్రీంకోర్టు 1955లోనే సంగ్రామ్ సింగ్ కేసులో ఈ సంగతి తేల్చింది: ఎక్స్ పార్టే అయిన ప్రతివాది తర్వాతి వాయిదాకు వచ్చి, కేసు ఏ దశలో ఉంటే అక్కడి నుంచి పాల్గొనవచ్చు. మిగిలిన సాక్షులను క్రాస్ చేయవచ్చు, వాదన చెప్పవచ్చు. జరిగిపోయిన దశను వెనక్కి తిప్పి జవాబు దావా వేసుకోవాలంటేనే తొమ్మిదో ఆర్డర్ ఏడో రూలు కింద పిటిషన్ పెట్టి, రాకపోవడానికి తగిన కారణం చూపాలి. వాదనలు ముగిసి తీర్పు రిజర్వు అయ్యాక ఆ రూలు పనికిరాదు.

డిక్రీ కూడా వచ్చేస్తే పదమూడో రూలే దారి. కారణాలు రెండే: సమన్లు సక్రమంగా అందకపోవడం, లేదా రాలేకపోవడానికి తగినంత కారణం ఉండటం. గడువు 30 రోజులు. ఎప్పటి నుంచి లెక్క అన్నదే ఇక్కడ ముఖ్యం. సమన్లు అందినవాడికి డిక్రీ తేదీ నుంచి, అందనివాడికి డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. పేపర్లో ప్రకటన ఇచ్చి సమన్లు అందినట్టు చూపిన కేసుల్లో ఆ ప్రకటనను ఈ గడువు లెక్కకు సక్రమ సర్వీసుగా పరిగణించకూడదని 1963 లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ వివరణలో స్పష్టంగా ఉంది. పట్నం వెళ్లి స్థిరపడినవాళ్లకూ, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకూ, పుట్టిన ఊళ్లోని పొలం మీద డిక్రీ అయిందని ఎప్పటికో తెలిసినప్పుడు అక్కరకొచ్చేది ఈ వివరణే. గడువు దాటితే ఆలస్యం మాఫీకి లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఇంకో పిటిషన్ జోడించాలి. డిక్రీ మీద అప్పీలూ వేయవచ్చు. కానీ ఆ అప్పీలు తేలిపోయాక (వెనక్కి తీసుకుంటే తప్ప) పదమూడో రూలు దారి మూసుకుపోతుంది. అందుకే ముందు ఏది వేయాలన్నది తొందరపడి తేల్చుకోవాల్సిన విషయం కాదు.

ఇక సమన్లు తిప్పి పంపడం. పోస్ట్‌మ్యాన్ "నిరాకరించారు" అని రాసి పంపిన కవరు కోర్టుకు చేరితే, అయిదో ఆర్డర్ ప్రకారం కోర్టు దాన్ని సమన్లు అందినట్టుగానే ప్రకటిస్తుంది. తీసుకున్నవాడికి కనీసం దావా కాపీ చేతికొస్తుంది. తిప్పి పంపినవాడికి అదీ ఉండదు.

ఇదే మాట ఇంజంక్షన్లలోనూ వస్తుంది. అవతలివాళ్లకు నోటీసు ఇవ్వకుండానే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వాలంటే కోర్టు కారణాలు రాయాలి. ఉత్తర్వు పొందినవాడు పిటిషన్, అఫిడవిట్, దావా, తాను నమ్ముకున్న పత్రాల కాపీలు అవతలివారికి వెంటనే అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అలా పంపినట్టు అదే రోజు గానీ మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఇది ముప్ఫై తొమ్మిదో ఆర్డర్ మూడో రూలు. ఉత్తర్వు చేతికి రాగానే మొదట పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తి, ఈ అఫిడవిట్ సంగతి మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. అవతలి లాయరు ఉత్తర్వు రద్దు కోరేటప్పుడు ముందు పట్టుకునేది దీన్నే. అలా నోటీసు లేకుండా ఉత్తర్వు ఇచ్చిన ఇంజంక్షన్ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని కూడా రూలుంది. ఆచరణ సంగతి కోర్టు మెట్లెక్కినవాళ్లకు తెలిసిందే.

మధ్యంతర ఉత్తర్వుల్లో ఎక్కువ తగాదాలు తెచ్చేది స్టేటస్ కో. ఉన్నది ఉన్నట్టు ఉండాలి అని అర్థం. అసలు ఏమున్నది? స్థలం ఎవరి స్వాధీనంలో ఉందన్నదే తగాదా అయినప్పుడు, "ఇరుపక్షాలూ నేటి స్థితి కొనసాగించాలి" అని ఒక్క వాక్యంతో ఉత్తర్వు ఇస్తే, మధ్యాహ్నానికల్లా ఇద్దరూ అదే కాగితం పట్టుకుని స్టేషన్‌లో నిలబడతారు. స్థలం నా స్వాధీనంలో ఉంది కాబట్టి నన్ను కదపొద్దన్నారని ఒకరంటారు, కాదు నా స్వాధీనంలోనే ఉందని రెండోవారంటారు. ఆ స్థితి ఏమిటో చెప్పకుండా స్టేటస్ కో ఇవ్వడం సరికాదని సుప్రీంకోర్టు 2006లో ఒక కేసులో హెచ్చరించింది. అందుకే ఉత్తర్వు అడిగేటప్పుడే వివరంగా అడగాలి: స్వాధీనం విషయంలోనా, నిర్మాణం ఆపడానికా, అమ్మకం ఆపడానికా, మూడింటికీనా. అడ్వకేట్ కమిషనర్‌ను పంపించి గోడ ఎంత ఎత్తు లేచిందో, పునాది ఎక్కడిదాకా ఉందో ఫొటోలతో రిపోర్టు తెప్పించుకుంటే తర్వాత మాట మార్చడానికి వీలుండదు. ఉత్తర్వు మీరినట్టు రుజువైతే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంటాయి. కానీ ఉత్తర్వే అస్పష్టంగా ఉంటే మీరినట్టు రుజువు చేయడమే కుదరదు.

కేవియట్ ఈ కష్టాలకు ముందుజాగ్రత్త. జాగ్రత్తపడు గాక అన్నది మాట, ఆచరణలో నాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దు అన్న విన్నపం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షన్ కింద వేస్తారు, 90 రోజులు నిలుస్తుంది, తర్వాత మళ్లీ కొత్తగా వేయాల్సిందే. అవతలివాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. ఇది దెబ్బతినేది రెండు చోట్ల. ఆస్తి ఉన్న ఊరు రెండు కోర్టుల పరిధి అంచున ఉండి, కేవియట్ ఒక కోర్టులోనూ దావా ఇంకో కోర్టులోనూ పడటం ఒకటి. అవతలివారి పేరు తప్పుగా, ఇంటిపేరు లేకుండా రాయడం రెండోది. కొడుకు మీద కేవియట్ వేసి కూర్చుంటే, దావా తండ్రి పేరుతో వస్తుంది.

పొలం కొనేవాడికి రెండు మాటలు

లిస్ పెండెన్స్ అంటే నడుస్తున్న వ్యాజ్యం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ దీని ఇల్లు. ఒక స్థిరాస్తి మీద హక్కు నేరుగా తగాదాలో ఉండగా పార్టీల్లో ఎవరైనా దాన్ని అమ్మితే, కొన్నవాడు ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. అమ్మకం చెల్లదని కాదు. రిజిస్ట్రేషన్ అవుతుంది, సేల్ డీడ్ చేతికొస్తుంది. అయితే అమ్మినవాడు ఓడిపోతే కొన్నవాడూ ఓడిపోయినట్టే, విడిగా ఒక్క వాయిదాకు కూడా పిలవకపోయినా సరే.

ఇక్కడ మూడు అపోహలున్నాయి. కోర్టు స్టే ఇవ్వలేదు కాబట్టి కొనవచ్చన్నది మొదటిది. 52వ సెక్షన్ పనిచేయడానికి స్టే అక్కర్లేదు, దావా నడుస్తుంటే చాలు. తెలియకుండా కొన్నాం కాబట్టి రక్షణ ఉంటుందన్నది రెండోది. మంచి మనసుతో కొన్నవాడికైనా ఈ సెక్షన్ మినహాయింపు ఇవ్వదు. దావా ఇంకా నంబరు కాలేదు, సమన్లు కూడా వెళ్లలేదు అన్నది మూడోది. దావా దాఖలు చేసిన రోజు నుంచి, డిక్రీ పూర్తిగా అమలయ్యేదాకా వ్యాజ్యం నడుస్తున్నట్టే లెక్కని సెక్షన్ కింది వివరణ చెబుతుంది. కింది కోర్టులో గెలిచాడు కదా అని, అప్పీలు పెండింగ్‌లో ఉండగా కొన్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. అమలు పిటిషన్‌లో అమీనా (డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి) వచ్చినప్పుడు అడ్డుపడే హక్కు కూడా ఇలా కొన్నవాడికి లేదు, ఇరవై ఒకటో ఆర్డర్ 102వ రూలు దాన్ని తీసేసింది. అతనికి మిగిలే మంచి దారి దావా నడుస్తుండగానే పార్టీగా చేర్చమని అడగడం. అమ్మినవాడు డబ్బు తీసుకుని కేసు వదిలేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది వెంటనే చేయాలి.

అన్ని దావాలకూ ఈ సెక్షన్ వర్తించదు. ఉత్త ప్రామిసరీ నోటు మీద డబ్బు రాబట్టుకునే దావాలో పొలం తగాదాలో లేదు. దాన్ని జప్తు చేస్తే అది వేరే సెక్షన్ సంగతి. పార్టీలిద్దరూ కూడబలుక్కుని వేసుకున్న దావాకూ వర్తించదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో దావా నోటీసు రిజిస్టర్ చేస్తేనే ఈ సెక్షన్ పనిచేసేలా పాత బొంబాయి సవరణ ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో కొనేవాడికి ఆ సౌకర్యం లేదు.

అందుకే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, శుభ్రంగా ఉందని సంబరపడితే సరిపోదు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. చెల్లెలు వేసిన భాగపంపకాల దావా అందులో ఉండదు. ఈ-కోర్ట్స్ సైట్‌లో పార్టీ పేరుతో వెతకాలి. అమ్మేవాడి పేరు ఒక్కటే కాదు, అతని తండ్రి, అన్నదమ్ములు, అతనికి అమ్మినవాడి పేర్లతోనూ చూడాలి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కుతాయి కాబట్టి ఇంటిపేరును రెండు మూడు రకాల స్పెల్లింగులతో, ఒకసారి ఇంటిపేరు వదిలేసి కూడా ప్రయత్నించాలి. జూనియర్, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులు, జిల్లా కోర్టు, హైకోర్టు అన్నీ వేర్వేరుగా చూడాలి. ఇంత చేసినా ఊళ్లోకి వెళ్లి సరిహద్దు రైతులను అడగడానికి ప్రత్యామ్నాయం లేదు.

రెండో మాట నెమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్: తనకు లేనిది ఎవడూ ఇవ్వలేడు. వస్తువులకు 1930 సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 27వ సెక్షన్. భూమికి ఇదే ఆలోచన ఆస్తి బదలాయింపు చట్టం 48వ సెక్షన్‌లో వేరే రూపంలో ఉంది: ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మితే ముందు పుట్టిన హక్కుదే పైచేయి. ఇక్కడ తేదీల ఆట గమనించాలి. దస్తావేజు రాసుకున్న నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వవచ్చు. రిజిస్టర్ అయ్యాక అది రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాక రాసుకున్న తేదీ నుంచి అమల్లోకి వస్తుంది (రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్). జనవరిలో రాసి మార్చిలో రిజిస్టర్ చేసుకున్నవాడు, ఫిబ్రవరిలో రాసి ఫిబ్రవరిలోనే రిజిస్టర్ చేసుకున్నవాడి కంటే ముందుంటాడు. రెండోవాడు ఈసీ తీసిన రోజున మొదటిది అందులో లేనే లేదు.

ఒకసారి తేలిందంటే

రెస్ జ్యుడికేటా, అంటే తేలిపోయిన విషయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్. అదే పార్టీలు, అదే హక్కు కింద, అదే అంశం మీద, అధికారం ఉన్న కోర్టు విచారించి తేల్చాక మళ్లీ వేయకూడదు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఇబ్బందంతా నాలుగో వివరణతో వస్తుంది. మొదటి కేసులో లేవనెత్తగలిగి, లేవనెత్తాల్సి ఉండీ వదిలేసిన వాదన కూడా తేలిపోయినట్టే. 1977లో సుప్రీంకోర్టు తేల్చిన ఉత్తరప్రదేశ్ ఎస్సై కేసు దీనికి మంచి ఉదాహరణ. ఉద్యోగం నుంచి తొలగించినప్పుడు తనకు సరైన అవకాశం ఇవ్వలేదని మొదట రిట్ (ప్రభుత్వ చర్య మీద హైకోర్టులో వేసే పిటిషన్) వేసి ఓడిపోయాడు. తర్వాత దావా వేసి, తనను నియమించింది ఐజీ, తొలగించింది అంతకన్నా కిందివాడైన డీఐజీ, కాబట్టి తొలగింపు చెల్లదన్నాడు. ఆ వాదన బలమైనదే, కానీ మొదటి రిట్‌లోనే చెప్పాల్సింది. ఓడిపోయాడు. సర్వీసు కేసుల్లో పిటిషన్ రాసేటప్పుడు గ్రౌండ్లు పొదుపుగా రాసుకునే తెలివితేటలు ఇలా బెడిసికొడతాయి.

దీనికి పక్కనే ఇన్ లిమినే అన్న మాట ఉంది, గుమ్మంలోనే అని. అడ్మిషన్ దశలోనే కారణాలు రాయకుండా రిట్ కొట్టేస్తే అది రెస్ జ్యుడికేటా కాదని 1961లో దర్యావ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ లాయరే పిటిషన్ వెనక్కి తీసుకుంటే? మళ్లీ వేసుకునే స్వేచ్ఛ ఇస్తున్నామని ఉత్తర్వులో లేకపోతే అదే కారణం మీద హైకోర్టులో ఇంకో రిట్ వేయడానికి వీల్లేదు (సర్గుజా ట్రాన్స్‌పోర్ట్ కేసు, 1987). ఉత్తర్వు కాపీ రాగానే ఆ "లిబర్టీ" అన్న పదం ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే అప్పుడే సరిచేయమని అడగాలి.

రిట్లు, సహజ న్యాయం

ఇంగ్లండ్ తన సివిల్ కోర్టుల్లో 1999లో కొత్త నియమాలతో లాటిన్‌ను చాలావరకు వదిలించుకుంది. మాండమస్ (చేయాల్సిన పని చేయమని అధికారికిచ్చే ఆదేశం), సెర్షియోరరీ (ట్రిబ్యునల్ లాంటివాటి ఉత్తర్వును కొట్టేసే ఆదేశం) పేర్లు కూడా అక్కడ మారిపోయాయి. మనకు ఆ వెసులుబాటు తేలిక కాదు. రాజ్యాంగం 32వ, 226వ అధికరణాలు హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్ (కింది కోర్టును ఆపే రిట్), కో వారంటో (ఏ అధికారంతో ఆ పదవిలో ఉన్నావని అడిగే రిట్), సెర్షియోరరీ అని పేరుపెట్టి రాశాయి.

తెలుగు రాష్ట్రాల హైకోర్టుల్లో ఒక అలవాటుంది. వచ్చే రిట్లలో సింహభాగం "మాండమస్ స్వభావం గల రిట్ జారీ చేసి, ప్రతివాదుల చర్య అక్రమమని ప్రకటించి" అనే మూసలోనే ఉంటాయి. ట్రిబ్యునల్ ఉత్తర్వు కొట్టేయమని అడగాల్సిన సెర్షియోరరీ కేసులు కూడా ఆ మూసలోకే ఎక్కేస్తాయి. 226 కింద కోర్టు ఊరటను మలుచుకోగలదు కాబట్టి ఎక్కువసార్లు ఇబ్బంది రాదు. అసలు మాండమస్‌కు మాత్రం ఒక షరతుంది: ముందు అధికారిని అడిగి ఉండాలి, అతను కాదని గానీ పట్టించుకోకుండా గానీ ఉండాలి. మున్సిపల్ కమిషనర్‌కో తహసీల్దార్‌కో వినతిపత్రం ఇచ్చి, రసీదు లేదా పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ పిటిషన్‌కు జతచేయకపోతే మొదటి వాయిదాలోనే "ముందు వాళ్లను అడిగారా?" అన్న ప్రశ్న వస్తుంది. రెండు రోజుల క్రితం ఇచ్చిన వినతిపత్రం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

హెబియస్ కార్పస్ మాటకు శరీరాన్ని హాజరుపరచు అని అర్థం. అయినా మనిషిని తెచ్చి నిలబెట్టకుండానే నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చవచ్చని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రిట్‌కు పట్టిన చెడ్డ రోజు 1976. ఎమర్జెన్సీలో ఏడీఎం జబల్‌పూర్ కేసులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు ఈ తలుపు మూశారు, జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పును 2017లో పుట్టస్వామి కేసులో కొట్టేశారు. ఇవాళ తెలంగాణలో ఈ రిట్ ఎక్కువగా నడిచేది పీడీ యాక్ట్ (ముందుజాగ్రత్త పేరుతో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) నిర్బంధాల మీద. మాతృక 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం. మామూలు నేరాలకు దాన్ని వాడుతున్నారని 2022లో, 2023లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఇలాంటి నిర్బంధాలు కూలడానికి తరచూ పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఆధారాల కాపీలు నిర్బంధితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వలేదన్న ఒక్క లోపం చాలు. తెలుగో ఉర్దూయో తప్ప రానివాడికి ఇంగ్లిష్ కాగితాల కట్ట ఇస్తే, కారణాలు తెలిపి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలనే 22(5) అధికరణం నెరవేరదు.

సహజ న్యాయానికి రెండు లాటిన్ సూత్రాలు: ఆడి ఆల్టెరమ్ పార్టెమ్, రెండోపక్షాన్నీ విను, నెమో జుడెక్స్ ఇన్ కాజా సువా, తన తగువుకు తానే తీర్పరి కాకూడదు. ఈ రెండూ ఒకే కేసులో తగిలింది కృష్ణా జిల్లా బస్సుల విషయంలో. ఆర్టీసీ కోసం రూట్లను జాతీయం చేసే పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. 1959లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు రాసిన మెజారిటీ తీర్పు దాన్ని రెండు కారణాలతో కొట్టేసింది. ఒకరు విని మరొకరు తీర్పిస్తే విచారణ ఉత్త తంతు అవుతుంది. పైగా ఆ కార్యదర్శి తగాదాలో ఒక పక్షమైన శాఖకే అధిపతి. తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా విన్నప్పుడు మళ్లీ పక్షపాతం వాదన తెచ్చారు. అదే సంవత్సరం వచ్చిన రెండో కేసులో కోర్టు అది ఒప్పుకోలేదు: కార్యదర్శి శాఖలో భాగం, మంత్రి స్థానం వేరు.

ఈ సూత్రానికీ హద్దుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం, శిక్ష వేసే ముందు విచారణాధికారి రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇవ్వాల్సిందేనంది. ఆ వెంటనే, ఇవ్వనంత మాత్రాన శిక్ష రద్దు కాదని, ఇవ్వకపోవడం వల్ల ఏం నష్టం జరిగిందో ఉద్యోగి చూపాలనీ చెప్పింది. "రిపోర్టు ఇవ్వలేదు" అని రాసి ఆపేసిన అప్పీళ్లు ఇందుకే ఓడిపోతాయి. రిపోర్టు ఇచ్చి ఉంటే ఏ సాక్ష్యాన్ని ఎలా ఖండించేవాడో కూడా రాయాలి.

సాక్షి బోనులో

క్రిమినల్ కోర్టులో డిఫెన్స్ లాయర్లకు నోరూరించే సూత్రం ఫాల్సస్ ఇన్ యూనో, ఫాల్సస్ ఇన్ ఆమ్నిబస్. ఒకచోట అబద్ధం చెప్పినవాడు అన్నిచోట్లా అబద్ధికుడే. మన సుప్రీంకోర్టు 1957 నుంచీ దీన్ని చట్టసూత్రంగా ఒప్పుకోలేదు, జాగ్రత్త కోసం గుర్తుంచుకునే మాట మాత్రమేనంది. కారణం మన ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నిజంగా కొట్టినవాళ్లు ముగ్గురైతే ఫిర్యాదులో ఏడుగురి పేర్లుంటాయి. మిగతా నలుగురిని ఇరికించారు కదా అని ఆ ముగ్గురినీ వదిలేస్తే న్యాయం జరగదు. పొల్లు చెరిగి గింజ తీసుకోవాలన్నది తీర్పుల్లో పదేపదే వచ్చే మాట. రెండూ విడదీయలేనంతగా కలిసిపోయినప్పుడు మాత్రం మొత్తం సాక్ష్యాన్నీ పక్కన పెడతారు.

రెస్ జెస్టే అంటే సంఘటనలో భాగమైన మాటలు. సాక్షి స్వయంగా చూడకపోయినా, సంఘటన జరుగుతుండగానే వినిపించిన అరుపును సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 6వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 4వ సెక్షన్. ఎంత ఆలస్యమైతే ఇది వర్తించదన్నదానికి తెలుగు నేల మీది భయంకరమైన కేసే పాఠం. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబెట్టిన ఘటనలో 23 మంది చనిపోయారు. ఆసుపత్రిలో ఇద్దరు క్షతగాత్రుల మాటలను మేజిస్ట్రేట్ మరణ వాంగ్మూలాలుగా నమోదు చేశారు. వాళ్లు బతికారు. బతికినవాళ్ల మాట మరణ వాంగ్మూలం కాదు. ఘటనకూ నమోదుకూ మధ్య వ్యవధి ఉంది కాబట్టి రెస్ జెస్టే కూడా కాదంది సుప్రీంకోర్టు 1996లో. అయినా ఆ కాగితాలు వృథా కాలేదు. వాళ్లు కోర్టుకొచ్చి చెప్పిన సాక్ష్యాన్ని బలపరచడానికి పాత చట్టం 157వ సెక్షన్ కింద పనికొచ్చాయి. ఒక మాట ఏ తలుపులోంచి రికార్డులోకి వస్తుందో, దాన్నిబట్టే అది దేనికి పనికొస్తుందో తేలుతుంది.

ఏలిబై, ఆ సమయానికి మరెక్కడో ఉన్నానన్న వాదన, కొత్త చట్టంలో 9వ సెక్షన్ కింది ఉదాహరణ: నేరం చెన్నైలో, మనిషి లద్దాఖ్‌లో. పాత చట్టంలో అది కలకత్తా, లాహోర్. రుజువు భారం చెప్పుకున్నవాడిదే, మామూలుగా ఉండేదానికంటే బరువుగా ఉంటుంది. చార్జిషీటు తర్వాత ఏళ్లకు కొత్తగా పుట్టుకొచ్చిన లాడ్జి రసీదును ఎవరూ నమ్మరు. దర్యాప్తు దశలోనే పోలీసులకు రాతపూర్వకంగా చెప్పి, సీసీటీవీ చెరిగిపోకముందే భద్రపరచమని అడగాలి.

చిన్నా చితకా, ఒక పెద్ద తీర్పు

కొన్ని మాటలకు ఇంత గొడవ లేదు. ప్రైమా ఫేసీ అంటే పైకి చూస్తే, చివరి నిర్ణయం కాదు. సైన్ డై అంటే తేదీ చెప్పకుండా వాయిదా. సుమోటో అంటే ఎవరూ అడగకుండా కోర్టు తనంతట తాను తీసుకోవడం. కోవిడ్ కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా లిమిటేషన్ లెక్కలోంచి తీసేసిన ఉత్తర్వు అలా పుట్టిందే. పెండెంటే లైటే భరణం, అంటే విడాకుల కేసు నడిచేటప్పటిది, హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద భర్త కూడా అడగవచ్చు. పర్ స్టిర్పెస్ అంటే కొమ్మల వారీగా. తండ్రి స్వార్జితం ఆరెకరాలు, భార్య లేదు, ముగ్గురు పిల్లల్లో పెద్దకొడుకు ముందే పోయి అతనికి భార్య, ఇద్దరు బిడ్డలు ఉన్నారనుకుంటే, వీలునామా లేనప్పుడు ఆ ముగ్గురికీ కలిపి రెండెకరాలే. అయిదుగురున్నారు కదా అని అయిదు వాటాలు వేయరు.

ఫాక్టమ్ వాలెట్ మాత్రం ఆగి చూడాల్సిన మాట. చేయకూడనిదే అయినా, జరిగిపోయాక చెల్లుతుంది. ఏకైక కుమారుణ్ని దత్తత ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని వసిష్ఠ వచనం. ఇచ్చేస్తే? బలుసు వారి దత్తత కేసు మద్రాసు నుంచి, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. ఆ వచనం హితబోధే తప్ప నిషేధం కాదని, దత్తత చెల్లుతుందని 1899లో తేల్చారు. నూరు వచనాలతోనైనా జరిగిన వస్తువును మార్చలేమని ధర్మశాస్త్రకారుడు జీమూతవాహనుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రాసి ఉండటంతో ఈ సూత్రం మన ధర్మశాస్త్రంలో తేలిగ్గా ఇమిడిపోయింది. 1956 దత్తత చట్టం ఆ వెసులుబాటును చాలావరకు మూసేసింది. షరతు తప్పితే 5వ సెక్షన్ ప్రకారం దత్తత శూన్యమే. అమ్మాయిని దత్తత తీసుకునే పురుషుడు ఆమెకంటే కనీసం 21 ఏళ్లు పెద్దవాడై ఉండాలన్నదీ అందులో ఒకటి. పెళ్లిళ్లలో మాత్రం ఆ నీడ ఇంకా ఉంది. వయసు చాలని పెళ్లి నేరమే, అయినా సాధారణంగా దానంతటదే రద్దు కాదు. మైనరుగా పెళ్లయినవాళ్లు మేజరైన రెండేళ్లలోపు కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి.

దీనికి దగ్గరి చుట్టం డి ఫాక్టో సూత్రం. ఆంధ్రప్రదేశ్‌లో కొందరు సెషన్స్ జడ్జీల నియామకాలను సుప్రీంకోర్టు చెల్లవంది. అయితే వాళ్లు జడ్జీలే కానప్పుడు వాళ్లు వేసిన శిక్షలెలా చెల్లుతాయని ముద్దాయిలు అడిగారు. తర్కం చూస్తే తిరుగులేనట్టే ఉంది. 1981లో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి దాన్ని తోసిపుచ్చారు. పదవిలో అధికారికంగా కూర్చుని, అందరూ జడ్జిగా నమ్మి నడుచుకున్న వ్యక్తి ఇచ్చిన తీర్పు, నియామకంలో లోపం తర్వాత బయటపడినా నిలుస్తుంది. కుర్చీని ఆక్రమించుకున్న అపరిచితుడి విషయం వేరు. జడ్జి నియామకాన్నే ప్రశ్నించదలుచుకుంటే అతన్ని పార్టీగా పెట్టి కో వారంటో రిట్‌తో నేరుగా ప్రశ్నించాలి తప్ప, శిక్ష మీద వేసిన అప్పీలులో పక్కదారిన లేవనెత్తడానికి వీల్లేదు.